ముయ్యి

వన్నూరప్ప రెండు కవర్లు తెచ్చినాడు,
పెళ్లిచీరల అంగడివి.
ఒకదాంట్లో చేని నడుమ పెరికిన చెనిక్కాయ చెట్లు,
ఇంకోదాంట్లో గట్టు మీద రాలి మొలిచినవి నాలుగు.
కవర్ల మీద పెళ్లికూతురు నవ్వుతోంది,
పళ్లకంతా ఎర్రమన్ను.

బెళుగుప్ప నుంచి మొదటి బస్సెక్కినాడంట.
"మట్టి కార్డు మూడుసార్లిచ్చినారు పాపా,
భాస్వరం శానా ఉందని రాసినారు.
ఉంటే మరి చెట్టెందుకు వాడుతుంది?
నాలుగు దినాలు వాన మొగం చాటేస్తే
మధ్యాన్నానికే తలకాయ ఏలాడేస్తుంది.
గట్టు మీదిదేమో పిడికెడు డీఏపీ ఎరగదు,
నిలబడే ఉంది, నన్ను చూసి నగుతాన్నట్ల."

వేర్లు కడిగి, కోసి,
కాస్టిక్ నీళ్లలో ఉడకేసి,
వెనిగర్లో పెన్ను సిరా కలిపి నానబెట్టినాను.
మా ల్యాబులో పెద్ద మిషన్లేం లేవు.
నా చూపుడువేలికి ఎప్పుడూ నీలం మరకే.
"ఇది ఏ ఎలక్షన్ మేడమ్?" అంటాడు టీ పోసే రసూలు,
రోజూ అదే జోకు.

అద్దం కింద గట్టు వేరు:
నీలం దారాలు తోలు చీల్చుకోకుండా లోపలికి దూరి
గదికొక చెట్టై కొమ్మలేసినాయి.
చెట్టు వేర్లో చెట్టు, ఆకుల్లేనిది.
నూరు గళ్లు లెక్కపెడితే అరవై మూడింట్లో ఉంది.

చేని నడుమ వేరు:
ఉతికి ఆరేసిన పంచె.
నూటికి ఏడు.
నమ్మకం లేక మళ్లీ లెక్కపెట్టినాను. ఐదు.

బూజు అనగానే ఉలిక్కిపడినాడు.
ఆయనకు తెలిసిన బూజు తిక్కాకు తెగులు, మొదలు కుళ్లు.
"దానికి మందు కొడతానే ఉన్నా కదా!"
ఇది కొట్టే బూజు కాదప్పా, పెట్టే బూజు.
చెట్టు ఎండలో వండుకున్న చక్కెరలో
దీనికింత పంచుతుంది.
ఇది వేరు దూరలేని సందుల్లో దూరి
రాయినంటుకున్న భాస్వరాన్ని గీక్కొచ్చి,
గుక్కెడు తడిని మోసుకొచ్చి చేతికిస్తుంది.
మనం కట్ట విప్పి కాళ్ల కాడే పోస్తే
చెట్టు లెక్క చూసుకుంటుంది.
ఎవరికో ఎందుకు పంచాలని
వాకిలేసుకుంటుంది.

ఒక కన్ను అరచేత్తో మూసుకొని
శానాసేపు చూసినాడు.
"ముయ్యి" అన్నాడు.

"మా వీధిలో పదహారు ఇండ్లు పాపా.
ఇత్తనం పొద్దు మీ చేన్లో మేము,
కలుపు పొద్దు మా చేన్లో మీరు.
రాసిన పుస్తకం లేదు.
మారెక్క ఒక పూట బాకీ అంటే
ఆ మాట మారెక్కే చెప్తుంది.
బోరు పడిన ఏడు నేనే మొదలు
ఆటో నిండా కూలోళ్లను దించినా.
చేతిలో దుడ్డుంది,
ఒకరి వాకిట్లో నిలబడేదేంది అని.
అబద్ధం చెప్పకూడదు,
ఆ ఏడు పని బిర్నే అయిపోయింది.
మూడో ఏటికి బోరెండింది.
మారెక్క వాకిటికి పోయినా.
కూర్చోమనింది, మజ్జిగిచ్చింది.
పనికి మాత్రం రాలేదు."

ఫ్యాను తిరుగుతోంది.
"మందు తగ్గిస్తే ఇది మళ్లొస్తుందా?"

వస్తుంది అనబోయి ఆగినాను.
పుస్తకాల్లో వచ్చింది.
నీ మట్టిలో ఎన్నేండ్లకో నాకు తెలీదు.
గట్టు మీద బతికే ఉంది కాబట్టి
అక్కడి నుంచి నడిచి రావాల.
కొర్రా అలసందా కలిపేస్తే కొంచెం బిరబిరా నడుస్తుందేమో.
ఒక్కసారిగా మానేయొద్దు, దిగుబడి పడితే
నువ్వు నన్ను తిడతావు.

"ఆ గట్టునే పోయినేడు దున్నించాల్సింది,
ఇంకో సాలు కలుస్తుందని.
ట్రాక్టరోడు రాక నిలిచిపోయింది."
నగినాడు, నగు మధ్యలోనే వదిలేసినాడు.
"ఆ కవరు నాకియ్యి."

సాయంత్రం బస్సు కిటికీలోంచి కనిపించినాడు,
ఎరువుల అంగడి ముందర
దుడ్లు లెక్కపెట్టుకుంటా,
మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటా.
కొన్నాడో లేదో,
నా బస్సు టవర్ క్లాకు దిక్కు తిరిగింది.
గట్టుమన్ను కవరు చంకలో ఉంది,
పెళ్లికూతురు తలకిందులుగా నవ్వుతోంది.